ఏడుపు తల్లి చీటీ

నా వెన్నెముక గురించి పెద్దాపురంలో మూడు నాలుగు కథలు తిరుగుతున్నాయి. హైజంపు నేర్పుతూ పడిపోయానని కొందరు, ఎవరో చేతబడి చేయించారని కొందరు, మరిడమ్మకి మొక్కుకుని తీర్చలేదని ఇంకొందరు చెప్పుకుంటున్నారు. ఆ మూడో మాట మా అత్తగారి చెవిన పడితే అన్నవాళ్ళకి ఇంటి దగ్గరే జాతర చూపిస్తారు. అందుకని ఉన్నది ఉన్నట్టు నేనే రాసేస్తే అందరికీ క్షేమం. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను లేచిన మంచం లాంటి మంచం మీద ఈ వేళ ఇంకెవరో పడుకుని ఉంటారు. వాళ్ళకి ఇంట్లోవాళ్ళు నిజం చెప్పి ఉండరు. ఇది వాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం కూడా.

నా పేరు సత్యవతి. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషిని, మా వారికంటే రెండంగుళాలు ఎత్తు. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి నేనే ముందు చెప్పేశాను. ఆయన, "చూస్తూనే ఉన్నానండి" అన్నారు, నాకు నచ్చేశారు. మా నాన్న పోలీసు కానిస్టేబులు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయి వస్తే, "ఏడిస్తే ఓడిపోయినట్టే" అనేవారు. ఆ మాట పట్టుకుని ముప్ఫై ఎనిమిదేళ్ళు బతికాను. నాన్న పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకి కాఫీలు ఇస్తూ తిరిగాను. అందరూ గుండె దిటవు గల మనిషి అన్నారు, విని లోలోపల పొంగిపోయాను.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో నడుము నొప్పి మొదలైంది. డ్రిల్లు టీచరుకి నడుము నొప్పి అంటే వంటవాడికి ఆకలి వేయకపోవడం లాంటిది, ఎవరికి చెప్పినా నవ్వుతారు. అందుకని చెప్పలేదు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. చీర కుచ్చిళ్ళు రోజురోజుకీ ఎక్కువవుతున్నాయి, అంటే నేను తగ్గుతున్నాను. స్టాఫ్ రూములో అందరూ "సన్నబడ్డారు, బాగున్నారు" అంటే సంతోషించాను కూడా. మా అత్తగారు మాత్రం ఎగాదిగా చూసి, నువ్వుల నూనె వెచ్చచేసి వీపు మర్దన చేసేవారు. అది చేయకూడదని తరవాత తెలిసింది. ఆవిడ తప్పు లేదు. ఏ నొప్పికైనా మా ఇంట్లో మొదటి మందు నూనే.

ఏప్రిల్లో ఒక పొద్దున్న ప్రార్థనకి పిల్లల్ని వరసలో నిలబెట్టి ముందుకు నడుస్తున్నాను. వెనక నుంచి తొమ్మిదో తరగతి పిల్ల పరిగెత్తుకొచ్చి, "టీచర్, మీ చెప్పు" అని ఎడమ కాలి చెప్పు చేతికిచ్చింది. అది పది అడుగుల వెనక జారిపోయింది. జారిపోయినట్టు నా కాలికి తెలియలేదు. కాలి కింద మట్టి ఉందో సిమెంటు ఉందో కూడా తెలియలేదు. ఆ క్షణం నాకు పుట్టిన భయం గురించి ఇప్పుడు రాయగలుగుతున్నాను కానీ, అప్పుడు "థాంక్యూ, వెళ్ళి వరసలో నిలబడు" అని మాత్రం అన్నాను.

మే నెలలో కాకినాడలో ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. అక్కడి హాలు నిండా కట్లు కట్టుకున్న జనం. కూచుంటే వీపు రెండుగా విరుగుతున్నట్టు ఉంది, నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. అయినా గోడకి ఆనుకోకుండా నిటారుగా నిలబడ్డాను. ఉప్పాడ నుంచి వచ్చిన ఒకావిడ, భర్త చెయ్యి విరిగితే తీసుకొచ్చిందట, నన్ను కాసేపు చూసి బెంచీ మీద నుంచి లేచింది. భర్తని కూడా లేపేసింది.

"పడుకోండమ్మా," అంది.

"వద్దండీ, బానే ఉన్నాను."

"మీరు బాగుంటే ఇక్కడికెందుకొత్తారండీ? పడుకోండి. ఆసుపత్రిలో సిగ్గేంటి?"

తన తువ్వాలు మడిచి తల కింద పెట్టింది. అంతమంది ముందు బెంచీ మీద వెల్లకిలా పడుకోవడం నాకు తలకొట్టేసినట్టు అయింది. ఆవిడ పేరు అడగలేదు. ఇప్పటికీ ఆ తప్పు నన్ను పొడుస్తూ ఉంటుంది.

డాక్టరు గారు ఎక్స్‌రేని వెలుతురుకేసి పట్టుకుని చూసి, నన్ను బయటికి పంపి, మా వారిని ఉంచేశారు. ఇరవై నిమిషాల తరవాత మా వారు బయటికొచ్చి చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. మా వారు రామ్మూర్తి గారు మండలాఫీసులో గుమస్తా. అబద్ధం ఆడడం చేతకాని గుమస్తా.

"ఏమన్నారండీ?"

"వెన్నులో కాస్త వాపుట. విటమిన్లు తక్కువట. కొన్నాళ్ళు పడుకుంటే అదే పోతుందిట."

కళ్ళజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నారు. అబద్ధమని ఆ తుడవడంలోనే తెలిసిపోవాలి. తెలిసింది కూడా. నమ్మితే హాయిగా ఉంటుందని నమ్మేశాను.

జూన్‌లో బడులు తెరిచే వేళకి నేను వీధి గదిలో చెక్కబల్ల మంచం మీద ఉన్నాను. మాత్రలు అట్టలతో కాకుండా ఖాళీ తేనె సీసాలో వచ్చేవి. అవి వేసుకున్న మొదటి రోజే మూత్రం ఎర్రగా పడితే హడలిపోయాను. "విటమిన్ కదా, అలాగే ఉంటుంది" అన్నారు మా వారు గోడకేసి చూస్తూ. రోజూ పొద్దున్నే కాంపౌండరు వచ్చి ఇంజెక్షను ఇచ్చి వెళ్ళేవాడు. మా అత్తగారు నా గ్లాసు విడిగా గూట్లో పెట్టడం మొదలుపెట్టారు. అడిగితే, "నీది నీకు తేలిగ్గా దొరుకుతుందని" అన్నారు. మంచం దిగకూడని మనిషికి గూట్లో గ్లాసు తేలిగ్గా ఎలా దొరుకుతుందో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక్కడ నేను చేసిన పని రాయాలి. ఈ వ్యాసంలో సిగ్గుపడే చోటు ఇదొక్కటే.

జబ్బు వాపే కదా, నీరసమే కదా అనుకున్నాను. నీరసానికి నాకు తెలిసిన మందు కసరత్తు. పదిహేనేళ్ళుగా పిల్లలకి చెబుతున్న మాట అదే. పది గంటలకి మా వారు ఆఫీసుకి వెళ్ళేవారు. పదకొండింటికి మా అత్తగారు స్నానం చేసి పూజలో కూచునేవారు. ఆవిడ గంట మోగగానే నేను మంచం దిగేదాన్ని. కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద లేచేదాన్ని, నడుము పక్కలకి వంచేదాన్ని. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్క. ఐదుతో మొదలై పన్నెండు దాకా వచ్చాను. హారతి అయ్యేసరికి మళ్ళీ మంచం మీద, చెమటలు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు. కాళ్ళు తేలికపడడం లేదు సరికదా మోకాళ్ళ దాకా మొద్దుబారుతున్నాయి. కసరత్తు చాలడం లేదనుకుని లెక్క పెంచాను.

ఆషాఢం వచ్చింది, మరిడమ్మ జాతర మొదలైంది. ఊరంతా మా వీధిలోంచే వెళుతున్నట్టు ఉండేది. నేను పైకప్పు చూస్తూ డప్పులు వింటున్నాను. ఊళ్ళో ఉండి జాతర చూడకపోవడం నా బతుకులో అదే మొదలు. నా మొహం చూసి మా వారికి ఒక ఆలోచన వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం గుడి దగ్గర కూచునే చిలక జోస్యం పోలయ్యని ఇంటికి తీసుకొచ్చారు. అరవై దాటిన మనిషి, నల్లగా, బక్కగా, చంకలో చెక్క పంజరం.

"సరదాకి," అన్నారు మా వారు. "నువ్వు నమ్మవని తెలుసులే. జాతరకి నువ్వు వెళ్ళలేవు కదా, జాతర్లో కాస్త ముక్క ఇంటికి తెచ్చాను."

పోలయ్య మంచం పక్కన నేల మీద గుడ్డ పరిచి చీటీలు వరసగా పేర్చాడు. చేత్తో బొమ్మలు వేసిన పాత అట్టముక్కలు అవి, వాళ్ళ నాన్న వేసినవట. పంజరం తలుపు తీసి, "సిలకమ్మా, సత్తెవతమ్మగోరి పేరు మీద ఒక మంచి సీటీ తియ్యమ్మా" అన్నాడు. చిలక బయటికొచ్చి, చీటీల మీద తాపీగా నడిచి, రెండు మూడు ముక్కుతో పక్కకి నెట్టి, ఒకటి లాగి అతని చేతిలో పెట్టింది. వడ్లగింజ తీసుకుని లోపలికి పోయింది.

పోలయ్య చీటీ నాకేసి తిప్పాడు.

ఏటి ఒడ్డున ఒక ఆడమనిషి కూచుని ఉంది. జుట్టు విరబోసుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ఆమె ముందు కడవ బోర్లాపడి నీళ్ళన్నీ ఇసకలోకి పోతున్నాయి. వీపు వెనక, ఆమెకి కనపడని చోట, నిండు కడవ ఒకటి ఉంది. నేను బొమ్మ చూస్తుండగానే మా వారు కేకేశారు.

"అది తీసేయమన్నాను కదయ్యా! చెడ్డ చీటీలన్నీ తీసేయమని పొద్దున్న గుడి దగ్గర నీకు చెప్పానా లేదా?"

వీధిలో డప్పులు మోగుతున్నాయి. పోలయ్య నొచ్చుకున్నాడు.

"తీసేసేనండి బాబుగోరూ. శని సీటీ తీసేసేను, పాముల సీటీ తీసేసేను, దున్నపోతు సీటీ తీసేసేను. ఇదిగోండి, సంచీలో ఉన్నాయి సూడండి. ఇది ఏడుపు తల్లండి. ఈ తల్లి సెడ్డదని తమకెవరు సెప్పేరండి?"

నేను పోలయ్య మాట వినడం లేదు. మా వారి మొహమే చూస్తున్నాను.

"ఎందుకు తీయించారు?" అన్నాను. మైదానం ఆ చివరికి వినపడే గొంతుతోనే అన్నాను.

ఆయన చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది.

"కళ్ళజోడు ముట్టుకోకండి. చెప్పండి."

మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, "చెప్పేయరా, నేను మొదటి రోజే చెప్పేద్దామన్నాను" అన్నారు. ఆయన మంచం పట్టె మీద కూచుని చెప్పారు. వెన్నుపూసలో క్షయ. రెండు పూసలు తినేసింది. కాళ్ళకి వెళ్ళే నరాల మీద చీము ఒత్తుకుంటోంది. నెలల తరబడి కదలకుండా పడుకుని మందులు మింగితే తగ్గే అవకాశం ఉంది. ఈలోగా లేచి తిరిగితే నడుము కింద మొత్తం పడిపోవచ్చు. అప్పుడు విశాఖ తీసుకెళ్ళి ఆపరేషను చేయించినా మళ్ళీ నడుస్తానని ఎవరూ హామీ ఇవ్వలేరు.

"క్షయ అంటే నువ్వు బెంగపెట్టుకుంటావని..." అన్నారు.

నాకు బెంగ రాలేదు, కోపం వచ్చింది. నన్ను చంటిపిల్లని చేసి తేనె సీసాలో మాత్రలు పోసి ఇచ్చారా అని ఒళ్ళు మండింది. "నాకేం కాలేదు, చూడండి" అని మోచేతుల మీద లేచి కాళ్ళు మంచం కిందికి దించబోయాను. మా వారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆయన్ని నెట్టేశాను.

"అమ్మగోరూ," అన్నాడు పోలయ్య. గొంతు పెంచలేదు. "లెగాలనుకుంటే లెగండి. ముందోసారి ఈ బొమ్మ సూడండి. ఈ తల్లి ఎందుకు కూసుందో తెలుసాండి?"

"కడవ పోయిందని ఏడుస్తోంది. ఏడిస్తే నీళ్ళు తిరిగొస్తాయా? లేచి ఆ వెనక కడవ తీసుకుని పోవచ్చు కదా!"

"అందరూ అదే అంటారండి. ఎనకమాల నిండుకడవ ఉంది కదా, ఏడుపెందుకని. మా నాన్న ఏటనీవోడంటే, పోయినదానికి కూసుని ఏడవకుండా యిసురుగా లెగిసిన మనిషి, ఆ కోపంలో ఎనకమాల నిండుకడవ కూడా తన్నేసుకుంటాదండి. కళ్ళనిండా నీళ్ళున్నప్పుడు దారి కనపడదు కదండీ. ఆ నీళ్ళు కారిపోవాల. అప్పుడు ఎనక్కి తిరిగితే కడవ కనపడతాది. అందుకే ఆ తల్లి కూసుందండి. ఓడిపోయి కాదండి, ఆయ్. ఉన్నదాన్ని కాపాడుకోడానికి కూసుందండి."

నా కాళ్ళు మంచం అంచు దాటి సగం గాలిలో ఉన్నాయి. పూజ గంట మోగినప్పుడల్లా నేను ఏం చేస్తున్నానో అప్పుడు అర్థమైంది. ఆ నిండు కడవని రోజూ పదకొండింటికి, లెక్కపెట్టి మరీ, నా చేతులారా తంతున్నాను.

కాళ్ళు పైకి తీసుకుని వెల్లకిలా పడుకున్నాను. చెప్పేశాను, కిటికీ ఊచల సంగతి, పన్నెండు లెక్క సంగతి. మా వారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నిజం దాచి ఆయన నన్ను కాపాడుతున్నానని అనుకున్నారు, కసరత్తు దాచి నన్ను నేను బాగుచేసుకుంటున్నానని అనుకున్నాను. ఇద్దరం కలిసి నా కాళ్ళు తీసేసేవాళ్ళం. ఆ మాట పైకి అన్న మరుక్షణం ఏడుపొచ్చింది. పరాయి మనిషి ముందు, చిలక ముందు, వీధి తలుపు తెరిచి ఉండగా, బావురుమని ఏడ్చాను. నాన్న పోయినప్పటిది కూడా అందులోనే వచ్చేసింది. పోలయ్య తొందరపడకుండా చీటీలు సర్దుకుని, గుమ్మం దాటుతూ తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు.

మర్నాడు నడుము చుట్టూ పిండికట్టు వేయించారు. ఆ రోజు నుంచి నా జబ్బు నా చేతికి వచ్చింది. మాత్రలు అట్టలతో సహా తలగడ పక్కన పెట్టించుకున్నాను. మా అత్తగారు నా గ్లాసు గూట్లోంచి తీసి అందరి గ్లాసుల్లో కలిపేశారు. వెన్నుపూసలో ఉన్న క్షయ పక్కవాళ్ళకి అంటుకోదని డాక్టరు గారిచేత ఆవిడే చెప్పించుకుని, ఆ ముక్క వీధిలో అందరికీ చెప్పి వచ్చారు.

ఏడవడం నాకు అలవాటు లేని విద్య. అలవాటు లేని విద్యకి టైం టేబులు ఉండాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట ఏడుపు పీరియడు అని పెట్టుకున్నాను. నవ్వుతారని తెలుసు, నవ్వండి. మా అత్తగారు కిటికీ రెక్కలు వేసి, కడిగిన తువ్వాలు చేతికిచ్చి, బయట అరుగు మీద కాపలా కూచునేవారు. ఎవరైనా పలకరించడానికి వస్తే, "కోడలు పనిలో ఉందమ్మా, మూడింటికి రండి" అనేవారు. మంచం మీద పడి ఉన్నదానికి పనేంటని వాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

జిల్లా పోటీలకి నేను లేకుండా వెళ్ళిన కబడ్డీ జట్టు కోసం ఒకరోజు ఏడ్చాను. చెప్పు జారిన రోజు భయపడి పైకి చెప్పని నా కోసం ఏడ్చాను. దసరా సెలవుల్లో అత్తగారు నా మెడ కింద అరిటాకు వేసి, పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉంచి తలంటు పోస్తుంటే, వేళకాని వేళ ఏడ్చాను. కార్తీకంలో ఒక మధ్యాహ్నం పీరియడు మొదలైంది, ఏడుపు రాలేదు. కాసేపు ఎదురుచూసి నిద్రపోయాను. ఆ వారంలోనే ఎడమ కాలి బొటనవేలికి దుప్పటి గరుకు తెలిసింది.

దుఃఖం గురించి పెద్దవాళ్ళు చాలా చెబుతారు. కర్మ అంటారు, పరీక్ష అంటారు, దేవుడు తనకి దగ్గర చేసుకుంటున్నాడంటారు. నాకు అంత వేదాంతం రాదు. నాకు తెలిసింది ఇదే. దుఃఖం ఒక ఆసనం. దానికి కూచోవడం రావాలి, కూచున్నంతసేపు కదలకుండా ఉండడం రావాలి. పిల్లలకి వంద రకాల కసరత్తులు నేర్పినదాన్ని, ఇంతకన్నా కష్టమైన కసరత్తు చూడలేదు. నెలల తరబడి ఒక్కరోజు తప్పకుండా చేశాను. నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునే రికార్డు అదే. దానికి కప్పూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. రోగుల ఇళ్ళవాళ్ళకి ఒక మాట. జబ్బు పేరు జబ్బుపడ్డవాళ్ళకి చెప్పండి. అది వాళ్ళది. తగ్గినట్టుందని మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

శివరాత్రి వెళ్ళాక కట్టు విప్పి బెల్టు వేశారు. మొదట తలగడలకి ఆనుకుని కూచున్నాను, తరవాత మంచం పట్టుకుని నిలబడ్డాను. గది చుట్టూ తిరగడానికి ఉగాది దాటింది. ఇన్ని రోజుల్లో మా వారు ఒక్కసారి కూడా ఏడవలేదు. మాత్రలు, రిపోర్టులు, సెలవు చీటీలు, కాంపౌండరు, బెడ్‌పాను, అన్నీ ఆయనే. ఎప్పుడు చూసినా ఏదో ఒక పని మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవారు. నా ఏడుపు పీరియడు అయ్యేదాకా ఆయన సెలవు రోజుల్లో పెరట్లో ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేవారని అత్తగారు చెప్పారు.

మే నెలలో మళ్ళీ కాకినాడ వెళ్ళాం. అదే హాలు, అవే బెంచీలు. డాక్టరు గారు కొత్త ఎక్స్‌రే చూసి, పాతది పక్కన పెట్టి చూసి, "పూసలు అతుక్కున్నాయమ్మా. మాత్రలు ఇంకొన్నాళ్ళు వాడాలి. జూన్‌లో బడికి వెళ్ళండి, గెంతకండి. ఏదీ, ఆ తలుపు దాకా నడవండి" అన్నారు. తలుపు దాకా నడిచాను. అక్కడ ఆగబుద్ధి కాలేదు. తలుపు తోసుకుని హాల్లోకి, అంతమంది మధ్యలోంచి, హాలు చివర మందుల షాపు వరసలో ఉన్న మా వారి దగ్గరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వెళ్ళాను. పాదం కింద ప్రతి గచ్చు పలకా చల్లగా తెలుస్తోంది.

ఆయన నన్ను చూశారు. చూసి, గబగబా మాట్లాడడం మొదలుపెట్టారు.

"అయిపోయిందా? సరే, మందులు తీసుకుందాం. ఇప్పుడు వెళితే రెండింటి బస్సు దొరుకుతుంది. అమ్మ ఎదురుచూస్తుంటుంది. ఆ కవరేది, ఎక్స్‌రే కవరు..."

కవరు ఆయన చంకలోనే ఉంది. వెతుకుతుంటే అదే జారి కింద పడింది. వంగి తీయబోయిన మనిషి అలాగే ఉండిపోయారు. ఆ వీపు వణుకుతోంది.

భుజం పట్టుకుని లేపి బెంచీ మీద కూచోబెట్టాను.

"ఏం లేదు సత్యవతీ, ఏం లేదు. పద, బస్సు పోతుంది."

"పోనివ్వండి."

"అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. నేను పడుకుని ఏడ్చినన్నాళ్ళూ మీరు నిలబడే ఉన్నారు. ఇప్పుడు మీరు కూచుని ఏడవండి. నేను నిలబడతాను."

ఆయన కళ్ళజోడు తీసి నా చేతికిచ్చారు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, ఏడాదిపాటు దాచుకున్నదంతా ఏడ్చారు. ఆ పక్కన, ఐదడుగుల ఎనిమిదంగుళాలూ నిటారుగా, నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. పెద్దాపురం బస్సులు రెండు వెళ్ళిపోయాయి. నేను నిలబడే ఉన్నాను.